‘మైల్డ్’ అంటే ఏటన్నయ్యా?

నవంబరులో ఓ మంగళవారం. ఆన్‌లైన్‌లో స్టాండప్ మీటింగు నడుస్తోంది. నా వంతు ఇంకా రాలేదు. ఈలోగా వాట్సాప్‌లో ఓ ఫొటో వచ్చి పడింది. పంపింది మా ఇంజినీరింగ్ రూమ్మేట్ చెల్లెలు. అరకు దాటి పైకి వెళ్తే కాఫీ తోటల మధ్య ఉంటుంది వాళ్ళ ఊరు. కాన్పుకని పుట్టింటికి వచ్చింది. అప్పటికి ఐదో నెల. ఫొటోలో రక్తపరీక్ష కాగితం, సగం నీడలో. హిమోగ్లోబిన్ 10.4. పక్కన ఇంగ్లీషులో ‘మైల్డ్ ఎనీమియా’ అని ఉంది. కింద తన మెసేజీ: ‘మైల్డ్ అంటే ఏటన్నయ్యా?’

మీటింగులో నా పేరు పిలిచేలోపు రెండు ముక్కలు టైపు చేసి పంపేశాను. ‘కొంచెం అని. ఏం పర్లేదు, భయపడకు.’

అటునుంచి బొటనవేలు గుర్తు వచ్చింది. ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను.

రోజుకి తొమ్మిది గంటలు ఇంగ్లీషులో మాట్లాడి, ఇంగ్లీషులో కోడు రాసి బతికేవాణ్ణి. నాలుగంటే నాలుగు ఇంగ్లీషు అక్షరాల మాట. దానికి అర్థం చెప్పడానికి ఆలోచించాలా? అదీ నా ధీమా. ఆ ధీమా జనవరి దాకా ఉంది.

సంక్రాంతి సెలవులకి విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. అద్దాల పెట్టెలో టికెట్టు దొరకలేదు, మామూలు పెట్టెలోనే. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు అరుస్తున్నారు, పెద్దలు సెల్ఫీలు తీసుకుంటున్నారు. బొర్రా గుహలు దాటాక కిటికీలోంచి గాలి కొయ్యడం మొదలుపెట్టింది. ఎదురు సీట్లో హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబం. ఆయన ఫోన్లో ఎవరికో చెబుతున్నారు, “ఈసారి క్లైమేట్ మైల్డ్‌గానే ఉంది” అని. ఆయన పక్కనే వాళ్ళావిడ శాలువా మీద ఇంకో శాలువా కప్పుకుంటోంది.

నా చెవి ఆ మాట దగ్గర ఆగింది. చూడగా చూడగా, మనం రోజంతా ఈ మాట వాడుతూనే ఉన్నాం. మైల్డ్ ఫీవర్, మైల్డ్ పెయిన్, మైల్డ్ అటాక్, మైల్డ్ కలర్, మైల్డ్ షాంపూ. తెలుగులో మాత్రం వీటన్నిటికీ సరిపోయే మాట ఒక్కటీ లేదు. ఎండ అయితే నీరెండ. నీళ్ళయితే గోరువెచ్చన. జ్వరమైతే ఒళ్ళు కాస్త వెచ్చబడింది అంటాం. వాన అయితే చిరుజల్లు, మనిషయితే మెతక లేదా నెమ్మదస్తుడు. పత్రికల వాళ్ళకి భూకంపమైతే ‘స్వల్ప’. కూర అయితే కారం తక్కువ. మరీ తక్కువైతే చప్పిడి, అది తిట్టే. అంటే తెలుగులో ముందు ఆ వస్తువేదో తెలియాలి, ఆ తర్వాతే దానికి తగిన మాట. ఇంగ్లీషు మాటకి ఆ పట్టింపు లేదు. ఎక్కడైనా అతుక్కుంటుంది. అతుక్కున్న చోటల్లా వేరే అర్థమిస్తుంది.

అరకులో దిగి ఊరికి వెళ్ళే ఆటో కోసం ఎదురుచూస్తూ బొంగు చికెన్ బండి దగ్గర నిలబడ్డాను. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు బిగించి నిప్పుల మీద కాలుస్తారు. ముందున్న కుర్రాళ్ళు “అన్నా, మైల్డ్‌గా చెయ్యి” అన్నారు. బండి అతను తల ఊపాడు. అతను తిప్పుతున్న బొంగులన్నీ తెల్లారి కలిపిన ఒకే గిన్నెలోంచి వచ్చినవి! అవే ఇచ్చాడు. కుర్రాళ్ళు తిని బాగుందన్నారు, ముక్కులు తుడుచుకుంటూ.

రూమ్మేట్ వాళ్ళ నాన్నగారికి కొండవాలులో కాఫీ ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడ, వాటికి పాకిన మిరియాల తీగ, కింద కాఫీ మొక్కలు. మేం వెళ్ళేసరికి కోత చివరి దశకొచ్చింది. కళ్ళంలో పార్చ్‌మెంట్ ఎండుతోంది. ఎర్రటి పండుని పల్పర్‌లో వేసి తొక్క తీసి, పులియబెట్టి, జిగురు పోయేదాకా కడిగి ఎండబెట్టిన గింజ అది. కడగకుండా పండుని పండుగానే ఎండబెడితే దాన్ని చెర్రీ అంటారు. కడిగిన సరుక్కి ధర ఎక్కువ, చాకిరీ కూడా ఎక్కువే.

నా పాత అలవాటు ప్రకారం ఫోన్‌లో ప్రపంచ కాఫీ ధరలు తీసి ఆయనకి చూపించాను. లండన్‌లో అంతర్జాతీయ కాఫీ సంస్థ అని ఒకటుంది, 1963లో పుట్టింది. ధరల కోసం అది ప్రపంచంలోని కాఫీ మొత్తాన్ని నాలుగు గుంపులు చేసింది. కొలంబియన్ మైల్డ్స్, అదర్ మైల్డ్స్, బ్రెజిలియన్ నేచురల్స్, రోబస్టాలు. మన దేశపు అరబికా ఉండేది రెండో గుంపులో. అంటే 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరకు అరబికా, 2017లో పారిస్‌లో సొంత పేరుతో దుకాణం తెరిచిన అరకు కాఫీ, లండన్ లెక్కల్లో ‘ఇతర మైల్డ్’. మన పేరు కూడా కాదు, ఇతర!

“మైల్డంటే మరి ధర తగ్గుతాదా బాబూ?” అన్నారాయన, గింజల్ని చెక్కపారతో తిరగేస్తూ.

తగ్గదు. మామూలుగా ఆ జాబితాలో పైన ఉండేవి మైల్డ్స్ ధరలే. రోబస్టా అడుగున ఉంటుంది. ఇక్కడ మైల్డ్ అంటే రుచిలో నీరసం అని కాదు. కడిగి ఎండబెట్టిన అరబికా, గొంతులో గరగరలాడనిది, అని. తమాషా ఏమిటంటే కెన్యా కాఫీని కొలంబియన్ మైల్డ్స్‌లో చేర్చారు. కెన్యా కాఫీ తాగినవాళ్ళెవరూ దాన్ని మెతకది అనరు, నిమ్మకాయ పిండినట్టు పుల్లగా తగులుతుంది నాలుకకి. ఆ జాబితాలో ‘మైల్డ్’ అనేది రుచికి పెట్టిన పేరు కాదన్నమాట. గోదాములో బస్తా మీద వేసే ముద్ర.

ఇదంతా ఆయనకి ఉత్సాహంగా వివరించాను. ఆయన విని, “పోన్లే, మంచి మాటే అయితే” అన్నారు.

కళ్ళం నుంచి ఇంట్లోకి వచ్చాం. అమ్మగారు అందరికీ కాఫీ పోశారు, చెల్లెలికి కూడా. అంతలో ఆ ఊరి ఆశా కార్యకర్త వచ్చింది. నలభై దాటి ఉంటాయి, చేతిలో రిజిస్టరు, భుజాన సంచి. గడపలో కూర్చుని చెల్లెలి కార్డు అడిగింది. అంతకు రెండు రోజుల ముందే మళ్ళీ రక్తం తీశారట. కార్డు తెరిచి చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గూట్లో ఉన్న బిస్కెట్ల డబ్బా తెమ్మంది. అందులో ఎర్ర ఐరన్ మాత్రల అట్టలు. అయిపోవాల్సినవి సగం పైగా అలాగే ఉన్నాయి.

“ఎవులు సెప్పేరు మాత్రలు మానీమని?”

“మానలేదక్కా. గుర్తొచ్చినపుడు ఏసుకుంటన్నాను. ఏసుకుంటే కడుపులో తిప్పుతాంది.” తర్వాత చెల్లెలు నన్ను చూడకుండానే అంది, “కొంచెమే కదా, పర్లేదన్నారు.”

ఎవరన్నారో తను చెప్పలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

నవంబరులో 10.4. జనవరిలో 8.6.

ఆశా అక్క నా మీద కోప్పడలేదు, అసలు నేనెవరో ఆమెకి తెలీదు. తన పని తాను చేసుకుపోయింది. “కడుపులో తిప్పితే అన్నం తిన్నాక ఏసుకో. ఇరేచనం నల్లగా అయితాది, దానికి బయపడకు. ఇప్పుడు రోజుకి రెండు. నెలకోపాలి మళ్ళీ రక్తం సూస్తారు.” అని, గ్లాసు వైపు చూసింది. “మాత్రతో కాఫీ తాగుతున్నావా?”

తాగుతోంది. నోట్లో ఇనుము రుచి పోవడానికి అమ్మగారే పోస్తున్నారు. కాఫీలో, టీలో ఉండే పదార్థాలు ఐరన్‌ని పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసం లాంటి పుల్లటివి దీనికి సరిగ్గా తిరగబడి పనిచేస్తాయి, ఒంటికి పట్టేలా చేస్తాయి. తన కొండ మీద పండిన ‘మైల్డ్’ కాఫీ తన ‘మైల్డ్’ ఎనీమియా మందుకి అడ్డం పడుతోంది. ఇందాక కళ్ళంలో ప్రపంచ మార్కెట్ గురించి ఉపన్యాసం ఇచ్చిన నాకు ఈ ముక్క తెలీదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు రగ్గులు కప్పుకుని, ఒక్క గీత సిగ్నల్ మీద చదువుతూ కూర్చున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నాటి లెక్క ఇలా ఉంది. గర్భం లేని ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 ఉండాలి. గర్భంతో ఉన్నప్పుడు రక్తం సహజంగానే కొంత పలచబడుతుంది కాబట్టి గీతని 11కి దించారు. 10 నుంచి 10.9 వరకు మైల్డ్. 7 నుంచి 9.9 వరకు మోడరేట్. 7 లోపు సివియర్. మన దేశంలో ఐరన్ మాత్రల కార్యక్రమం గర్భిణికి మామూలుగా రోజుకొకటి ఇస్తుంది, ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్, కాన్పు లోపు 180 రోజులు. 11 దాటి కిందకి వస్తే, అది మైల్డ్ అయినా సరే, రోజుకి రెండు. ‘ఏం పర్లేదు’ అనే గడి ఆ పట్టికలో ఎక్కడా లేదు.

నన్ను కట్టేసింది ఇంకో మాట. 2011లో అదే సంస్థ వెలువరించిన పత్రంలో, ఆ పట్టిక కిందే, ‘మైల్డ్’ అనే పేరు అసలు తప్పుదోవ పట్టించేదని వాళ్ళే రాసుకున్నారు. రక్తహీనత పరీక్షలో బయటపడేసరికే ఒంట్లో ఐరన్ నిల్వలు ఎప్పుడో కరిగిపోయి ఉంటాయట. పేరు పెట్టినవాళ్ళకే ఆ పేరు మీద నమ్మకం లేదు. అయినా కాగితం మీద అదే అచ్చవుతోంది. నేను అదే అందుకుని ‘కొంచెం’ చేశాను, ఆ తర్వాత దాన్ని ‘ఏం లేదు’ చేశాను. మొదటిది అనువాదంలో జరిగిన పొరపాటు. రెండోది నా సొంతం.

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ కాగితాలన్నీ ఎవరో ఒకరు ఎవరికో చదివి వినిపిస్తూనే ఉంటారు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాడెవడో, నాలాంటివాడు.

నా ఉద్యోగంలోనూ ఇదే తంతు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులకి అంతస్తులుంటాయి. పీ1 అంటే అర్ధరాత్రి లేపుతారు. పీ4 అంటే ఎవడూ ముట్టుకోడు. పీ4 అనే ముద్ర ‘ఇప్పుడు కూలిపోదు’ అని మాత్రమే చెబుతుంది, ‘బాగుచెయ్యక్కర్లేదు’ అని చెప్పదు. మనం చదువుకునేది రెండోదే. మా సిస్టమ్ ఒకసారి ఆరు గంటలు ఆగిపోయింది. కారణం ఏడాదిగా మూలన పడున్న పీ4.

ఆ మాట పుట్టినప్పుడు అర్థం ఇంకోటి. పాత ఇంగ్లీషులో అది మనుషులకి వాడిన మాట, దయగల, కరుణ చూపే, అని. తర్వాత వాతావరణానికి పాకింది, బీరుకి పాకింది, ఉక్కుకి పాకింది. మా ఫస్టియర్ వర్క్‌షాపులో మైల్డ్ స్టీల్ ముక్క ఇచ్చి ఆకురాయితో చదును చెయ్యమన్నారు. మూడు గంటలు రుద్దాను, అరచేతులు పొక్కాయి. ఇదేం మైల్డు సార్ అంటే, కార్బన్ పావు శాతం లోపే, పనిముట్లు చేసే ఉక్కుతో పోలిస్తే వెన్నరా ఇది, అన్నారు. దేనితో పోలిస్తే అనేదే అసలు ప్రశ్న అని అప్పుడే బుర్రకెక్కాల్సింది.

2021లో రెండో వేవ్‌లో నాకు వచ్చిందీ ‘మైల్డ్’ కోవిడే. పదకొండు రోజులు మంచం దిగలేదు. నిబంధనల ప్రకారం ఆయాసం లేక, ఆక్సిజన్ 94కి తగ్గకపోతే మైల్డ్ కిందే లెక్క. డాక్టరుకి ఆ మాట ఆస్పత్రిలో పడక అక్కర్లేదని చెబుతుంది. రోగి బాధ ఎంతో చెప్పడం దాని పని కాదు. మన ఇళ్ళల్లో ‘మైల్డ్ స్ట్రోక్’ అనేదీ ఇంతే. మూతి కాస్త వంకరపోయి గంటలో సర్దుకుంది కదా అని ఇంట్లోనే ఉండిపోతారు. అసలైన పెద్ద స్ట్రోక్ ముప్పు ఎక్కువగా ఉండేది ఆ తర్వాతి కొద్ది రోజుల్లోనే. ఈ మన్యంలో ఎప్పటినుంచో ఉన్న మలేరియా విషయంలో వైద్యులు జాగ్రత్తపడ్డారు. ప్రమాదస్థితికి చేరనిదాన్ని ‘మైల్డ్’ అనరు, చిక్కులు లేనిది అనే అర్థమొచ్చే మాట వాడతారు. ఫాల్సిపారం రకమైతే మందు ఆలస్యమైనప్పుడు చూస్తుండగానే ముదిరిపోతుంది మరి.

ఈ మాట అసలు బలం డాక్టర్లకంటే ముందు సిగరెట్ల కంపెనీలకి తెలుసు. పెట్టె మీద ‘మైల్డ్’ అని రాస్తే, మానేద్దామనుకున్నవాడు మానకుండా దానికి మారతాడు. అందుకే ఐరోపా సమాఖ్య 2001లో చట్టం చేసి, 2003 నుంచి పెట్టెల మీద ఆ మాటని తీయించేసింది. అమెరికాలో 2010 నుంచి నిషేధం. జపాన్‌లో ‘మైల్డ్ సెవెన్’ అని బాగా అమ్ముడుపోయే బ్రాండు ఉండేది. 2013లో దాని పేరే మార్చి ‘మెవియస్’ చేశారు. ఒక్క విశేషణం మనిషిని ఎంత నిశ్చింతగా ఉంచుతుందో లెక్కగట్టి దాని మీద వ్యాపారం చేసినవాళ్ళు వాళ్ళు. నేను ఉచితంగా చేశాను.

తెల్లారి బయల్దేరే ముందు చెల్లెలితో మాట్లాడాను. సారీ చెబితే ఇబ్బంది పడింది. “నువ్వేటి సేత్తావన్నయ్యా, నాకే తిప్పేది” అంది. నిజమే, మాత్రలు పడకే మానేసింది. కానీ మనకి ఇష్టంలేని పని మానడానికి ఒక చిన్న సాకు చాలు. ఆ సాకు చదువుకున్నవాడి నోటినుంచి వస్తే ఇంకెవరూ కాదనరు. కాగితం వెనక పెన్నుతో ఒక నిలువు గీత గీశాను. పైన 11, కింద 7. మధ్యలో 10.4 దగ్గరో చుక్క, 8.6 దగ్గరో చుక్క. మైల్డ్, మోడరేట్ ఏమీ రాయలేదు. వాళ్ళ నాన్నగారు ఆ గీతని చాలాసేపు చూశారు. కాఫీ గింజ తేమ చూసినట్టే చూశారు. “ఇది పైకెక్కాలన్నమాట” అన్నారు. ఆ కాగితం గూటి పక్కన మేకుకి గుచ్చారు.

ఫిబ్రవరి మూడో వారంలో మళ్ళీ ఫొటో వచ్చింది, మళ్ళీ మీటింగు మధ్యలోనే. ఈసారి వెలుతురులో తీసింది. 9.7. పక్కన ‘మోడరేట్ ఎనీమియా’. కింద అదే ప్రశ్న, మాట ఒక్కటే మారింది.

‘మోడరేట్ అంటే ఏటన్నయ్యా?’

టైపు చెయ్యలేదు. మీటింగు వదిలి బయటికొచ్చి ఫోన్ చేశాను. నెలలో 1.1 పెరిగింది, మందు పట్టింది, కానీ గీత ఇంకా పైనే ఉంది, రెండు మాత్రలు ఆపొద్దు, అన్నాను. మేకుకున్న కాగితం మీద నాన్న అప్పుడే చుక్క పెట్టేశాడంది. మాత్రలు ఎప్పుడు వేసుకుంటున్నావని అడిగాను. అన్నం తిన్న గంటకి, నిమ్మకాయ నీళ్ళతోనట.

“మరి కాఫీ?”

వెనకనుంచి అమ్మగారి గొంతు వినిపించింది. “దానికి పొయ్యట్లేదు బాబూ. కొత్త పొడి కొట్టించాం, నువ్వొచ్చినపుడు తాగుదువుగానీ.”